మీర్ ఉస్మాన్ అలీ ఖాన్

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (ఏప్రిల్ 6, 1886 - ఫిబ్రవరి 24, 1967) హైదరాబాదు రాజ్యాన్ని పాలించిన అసఫ్ జాహీ వంశపు ఏడవ నిజాము, ఆ వంశపు చివరి పాలకుడు. ఈయన 1911 నుండి 1948 వరకు 37 సంవత్సరాలు రాజ్యాధికారం నెరపాడు. తరువాత 1950 నుండి 1956 వరకు భారత రాజ్యాంగం క్రింద హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. తన కాలంలో ప్రపంచంలోకెల్లా అత్యంత ధనవంతులలో ఒకడుగా పేరుపొందాడు.

రాచరికం అనే పాలనా విధానం తన చివరి దశలో ఎలా పనిచేసిందో, ఎలా ముగిసిందో తెలుసుకోవడానికి ఈయన జీవితం మంచి ఉదాహరణ. ఒకే వ్యక్తి తన జీవితకాలంలో నిరంకుశ ప్రభువుగా, ఎన్నికైన మంత్రివర్గపు సలహాపై సంతకాలు చేసే రాష్ట్రాధిపతిగా, చివరకు ఏ పదవీ లేని పౌరుడిగా జీవించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, నిజాం సాగర్, హైకోర్టు భవనం మొదలైనవి ఈయన పాలనలో వెలసినవి. తెలంగాణ గ్రామాలలో వెట్టిచాకిరి, జాగీర్దారుల దౌర్జన్యాలు, చివరి ఏడాదిలో రజాకార్ల హింస కూడా ఈయన పాలనలోనే జరిగాయి.

జననం, విద్యాభ్యాసం

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించాడు. తండ్రి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్. తల్లి అమతుజ్జహ్రా బేగం. చిన్నతనంలోనే ఉర్దూ, పారశీ, అరబ్బీ, ఇంగ్లీషు భాషలు నేర్చుకున్నాడు. ఇమాదుల్ ముల్క్ బిరుదాంకితుడైన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ఆంగ్లేయుడైన బ్రయాన్ ఎగర్టన్ ఈయనకు గురువులు. ఉస్మాన్ అనే కలంపేరుతో ఉర్దూ, పారశీ భాషలలో గజళ్ళు వ్రాశాడు. 1906లో ఆజమున్నిసా బేగంతో వివాహం జరిగింది. ఈమె దుల్హన్ పాషాగా ప్రసిద్ధురాలు.

తండ్రి మహబూబ్ అలీ ఖాన్ దానశీలిగా, ప్రజలలోకి స్వేచ్ఛగా వచ్చే ప్రభువుగా జనాదరణ పొందినవాడు. అయితే పరిపాలనా భారాన్ని ఎక్కువగా దివానులకు, ఉన్నతాధికారులకు విడిచిపెట్టేవాడు. కుమారుడు ఇందుకు భిన్నంగా మితవ్యయానికి, ప్రతి కాగితాన్ని స్వయంగా పరిశీలించే అలవాటుకు పేరుపడ్డాడు.

సింహాసనాధిరోహణ

1911 ఆగష్టు 29న మహబూబ్ అలీ ఖాన్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మరణించాడు. అదే రోజున 25 ఏళ్ళ ఉస్మాన్ అలీ ఖాన్ నిజాము అయ్యాడు. పట్టాభిషేక మహోత్సవం తరువాత చౌమహల్లా ప్యాలెస్‌లో జరిగింది. అప్పటికి దివానుగా ఉన్న మహారాజా కిషన్ ప్రసాద్ 1912లో పదవి నుండి వైదొలగగా, ఆ స్థానంలో యువకుడైన మూడవ సాలార్‌జంగ్ (మీర్ యూసఫ్ అలీ ఖాన్) నియమితుడయ్యాడు. పుస్తకాలు, కళాఖండాలు సేకరించి సాలార్‌జంగ్ మ్యూజియానికి మూలకారకుడైన వ్యక్తి ఈయనే.

1914లో సాలార్‌జంగ్ రాజీనామా చేయగా నిజాము కొత్త దివానును నియమించలేదు. తరువాతి అయిదేళ్ళు రాజ్యభారమంతా తానే వహించాడు. అసఫ్ జాహీల చరిత్రలో అంతకుముందు దివానులే ఎక్కువగా పరిపాలనను నడిపించారు. ఆ సంప్రదాయాన్ని ఈయన త్రోసిపుచ్చి అధికారాన్ని తన చేతిలో కేంద్రీకరించుకున్నాడు. 1919లో మళ్ళీ మార్పు వచ్చింది. బాబ్-ఎ-హుకూమత్ అనే కార్యనిర్వాహక మండలిని ఏర్పరచి, దానికి సర్ అలీ ఇమాంను అధ్యక్షుడిగా, అనగా సదర్-ఎ-ఆజంగా నియమించాడు. శాఖలు మండలి సభ్యుల మధ్య పంచబడ్డాయి. కాని సభ్యులు ప్రజలకు గాని, ఏ శాసనసభకు గాని జవాబుదారులు కారు. వారిని నియమించేదీ, తొలగించేదీ నిజామే.

పాలనా విధానం

1911లో ఉస్మాన్ అలీ ఖాన్‌కు సంక్రమించిన రాజ్యం సుమారు 82,698 చదరపు మైళ్ళ విస్తీర్ణం కలది. భారత ఉపఖండంలోని స్వదేశీ సంస్థానాలలో ఇది జనసంఖ్యలో మొదటిది. 1941 జనాభా లెక్కల ప్రకారం రాజ్యంలో 1 కోటి 63 లక్షల మంది ఉండేవారు. వీరిలో అత్యధికులు హిందువులు. భాషల వారీగా చూస్తే తెలుగు మాట్లాడేవారు సగానికి కొంచెం తక్కువ. తరువాతి స్థానాలలో మరాఠీ, కన్నడం, ఉర్దూ ఉన్నాయి. రాజభాష ఉర్దూ.

రాజ్యంలో చట్టానికి అంతిమ మూలం నిజాము ఫర్మానా. శాసనమండలి 1893 నుండే ఉన్నప్పటికీ అది సలహాలకే పరిమితం. మండలిలో చర్చించిన బిల్లయినా, అధికారి నియామకమైనా, పెద్ద ఖర్చయినా ఫర్మానా వెలువడితేనే అమలులోకి వచ్చేది. కార్యనిర్వాహక మండలి తన అభిప్రాయాన్ని అర్జదాస్తు రూపంలో నిజాముకు పంపేది. నిజాము దానిని ఆమోదించవచ్చు, త్రోసివేయవచ్చు, లేదా నెలల తరబడి తనవద్దే ఉంచుకొనవచ్చు.

భూమి మూడు విధాలుగా విభజింపబడి ఉండేది.

దివానీ లేదా ఖాల్సా: ప్రభుత్వ రెవెన్యూ శాఖ ఆధీనంలోని భూములు. రాజ్యంలో సగానికి పైగా ఈ విభాగంలోనివే. సుబాలు, జిల్లాలు, తాలూకాలుగా పాలన సాగేది.

సర్ఫెఖాస్: నిజాము సొంత భూములు. వీటి ఆదాయం నేరుగా నిజాము ఖజానాకు చేరేది. రాజ్యంలో సుమారు పదవ వంతు ఉండేవి. హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఈ కోవలోనిదే.

జాగీర్లు, పాయిగాలు, సంస్థానాలు: ప్రభువుల, సామంతుల ఆధీనంలోని భూములు. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు ఇందులో చేరుతాయి. పలు జాగీర్లలో పోలీసు, న్యాయ అధికారాలు కూడా జాగీర్దారువే.

అందువలన రాజధానిలో వెలువడిన మంచి చట్టం కూడా జాగీరు గ్రామం వరకు చేరేది కాదు. వెట్టిచాకిరిని నిషేధిస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చినా గ్రామాలలో అది కొనసాగింది. దివానీ గ్రామాలలో సైతం దేశ్‌ముఖులు, పటేళ్ళు, పట్వారీలు భూమి లెక్కలను తమ గుప్పిటిలో ఉంచుకొని వేలాది ఎకరాలు సొంతం చేసుకున్నారు. నిజాము వీరిని ఎదిరించలేదు. శిస్తు వసూలుకు, శాంతిభద్రతలకు రాజ్యం వీరిపైనే ఆధారపడి ఉండేది.

నిర్మాణాలు, సంస్థలు

1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచివేసి వేలాది ప్రాణాలను బలిగొన్నది. మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహా కొరకు పిలిపించింది. నదికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించి వరదను అక్కడే ఆపాలని ఆయన సూచించాడు. ఆ పథకాన్ని అమలు పరచినది ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం. మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట చెరువు) 1920లోను, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరద నివారణతో పాటు ఇవి నగరానికి మంచినీటి వనరులయ్యాయి.

1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మురికివాడల తొలగింపు, రహదారుల విస్తరణ, మూసీ ఒడ్డున ఉద్యానవనాలు ఈ మండలి చేపట్టిన పనులు. వరదలో దెబ్బతిన్న నదీతీరంలోనే హైకోర్టు (1920), సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, అసఫియా గ్రంథాలయ భవనం వెలిశాయి. మొజంజాహీ మార్కెట్ 1935లో నిర్మించబడింది.

నీటిపారుదలలో ముఖ్యమైనది మంజీరా నదిపై నిర్మించిన నిజాం సాగర్. 1923లో మొదలైన ఈ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. దీని ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఈ జలాశయం క్రింద నిజామాబాదు ప్రాంతంలో వరి, చెరకు పంటలు విస్తరించాయి. చెరకు సాగు ఆధారంగా 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడింది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు, సిర్పూరులో కాగితపు మిల్లు ఈ కాలానివే.

రాజ్యానికి సొంత నాణెం (ఉస్మానియా సిక్కా), సొంత తపాలా శాఖ, సొంత రైల్వే ఉండేవి. బ్రిటిషు కంపెనీ యాజమాన్యంలోని రైల్వేను ప్రభుత్వం 1930లో కొనివేసింది. 1932లో రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడింది. అదే తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా మారి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమయింది.

1914లో ఏర్పడిన పురావస్తు శాఖ గులాం యజ్దానీ నాయకత్వాన అజంతా, ఎల్లోరా గుహల సంరక్షణ చేపట్టింది. అజంతా చిత్రాల పరిరక్షణకు ఇటలీ నుండి నిపుణులను రప్పించారు. బనారసు హిందూ విశ్వవిద్యాలయానికి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి, మహాభారత సంశోధిత ప్రతిని వెలువరించిన పూణే భండార్కర్ సంస్థకు నిజాము విరాళాలిచ్చాడు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం

ఉన్నత విద్యను భారతీయ భాషలో బోధించే విశ్వవిద్యాలయం కావాలన్న ఆలోచనతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడింది. బోధనా భాష ఉర్దూ, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. పాఠ్యగ్రంథాల కొరకు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పాటైంది. విజ్ఞానశాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం మొదలైన విషయాలపై వందలాది గ్రంథాలు ఉర్దూలోకి అనువదించబడ్డాయి, వేలాది సాంకేతిక పదాలు రూపొందాయి. విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాము ప్రారంభించాడు.

దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని ఈ విశ్వవిద్యాలయం నిరూపించింది. అయితే ఆ భాష రాజ్యంలోని అధికసంఖ్యాకుల మాతృభాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ బాలబాలికలకు పాఠశాల విద్య నుండే ఇది అడ్డంకి అయింది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోగా ఇతర భాషీయులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే 1930లో జోగిపేటలో మొదటి సమావేశం జరుపుకొన్న ఆంధ్ర మహాసభగా రూపొందింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన గోలకొండ పత్రిక వెలువడింది.

బ్రిటిషు వారితో సంబంధాలు

తన రాజ్యంలో నిరంకుశుడైన నిజాముకు పైన ఇంకొక అధికారం ఉండేది. హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెంటు ద్వారా భారత ప్రభుత్వం రాజ్య వ్యవహారాలలో జోక్యం చేసుకొనేది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ సుల్తాను బ్రిటిషు వారికి వ్యతిరేకంగా యుద్ధంలో దిగినపుడు, ముస్లిములు బ్రిటిషు పక్షానే నిలవాలని ఉస్మాన్ అలీ ఖాన్ పిలుపునిచ్చాడు. యుద్ధనిధికి పెద్ద మొత్తాలు సమర్పించాడు. ఆయన ధనసహాయానికి గుర్తుగా బ్రిటిషు వాయుసేనలోని 110వ దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. 1918లో ఈయనకు ఇతర సంస్థానాధీశులెవ్వరికీ లేని హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అనే బిరుదు, బ్రిటిషు ప్రభుత్వపు విశ్వాసపాత్రుడైన మిత్రుడు అనే బిరుదు లభించాయి.

మిత్రుడన్న బిరుదును నిజాము అక్షరాలా తీసుకున్నాడు. 1853లో బ్రిటిషు వారి అధీనంలోకి వెళ్ళి, 1902లో ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా మారిన బేరారును తిరిగి ఇవ్వవలసిందిగా 1923లో కోరాడు. విదేశాంగ వ్యవహారాలు తప్ప మిగిలిన విషయాలలో తాను బ్రిటిషు ప్రభుత్వానికి సమానుడనని వాదించాడు. 1926 మార్చిలో వైస్రాయి లార్డు రీడింగ్ ఈ వాదాన్ని నిర్ద్వంద్వంగా తిరస్కరించాడు. భారతదేశంలో బ్రిటిషు చక్రవర్తి సార్వభౌమత్వమే సర్వోన్నతమని, అది సంధిపత్రాలపై మాత్రమే ఆధారపడినది కాదని తేల్చి చెప్పాడు. అటుపిమ్మట కొన్ని ముఖ్యశాఖలలో బ్రిటిషు అధికారులను నియమించుకొనక తప్పలేదు. కార్యనిర్వాహక మండలి మాటకు కూడా కొంత విలువ పెరిగింది. 1936 ఒప్పందంలో బేరారుపై నిజాము నామమాత్ర సార్వభౌమత్వాన్ని గుర్తించి, ఆయన జ్యేష్ఠపుత్రునికి ప్రిన్స్ ఆఫ్ బేరార్ బిరుదు ఇచ్చారు. పాలన మాత్రం బ్రిటిషు వారి చేతనే ఉండిపోయింది.

బ్రిటిషు అధికారం నిజామును అదుపులో ఉంచింది. బయటి శత్రువుల నుండి, తన ప్రజల తిరుగుబాటు నుండి కూడా కాపాడింది. ఈ కవచం తొలగిన నాడు రాజ్యానికి ప్రజల నుండి ఎంత మద్దతు ఉన్నదన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ప్రజా ఉద్యమాలు

బ్రిటిషు ఇండియాలో ఎన్నికైన శాసనసభలు ఏర్పడుతున్న కాలంలో హైదరాబాదులో బహిరంగ సభ జరపడానికి కూడా ముందుగా అనుమతి కావలసి ఉండేది. గస్తీ నిషాన్ 53గా పేరుపడిన ఉత్తర్వు ఇందుకు ఆధారం. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పూర్తిగా ఏర్పడకముందే నిషేధించబడింది. అదే సంవత్సరం స్టేట్ కాంగ్రెసు, ఆర్యసమాజం, హిందూ మహాసభ వేర్వేరుగా సత్యాగ్రహాలు జరిపాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాలలో వందేమాతరం గీతాలాపనను నిషేధించినందుకు విద్యార్థులు సమ్మె చేసి బహిష్కరణకు గురయ్యారు.

పాలనా సంస్కరణల కొరకు 1937లో అరవముదు అయ్యంగారు సంఘం నియమించబడింది. దాని నివేదిక ఆధారంగా 1939లో సంస్కరణలు ప్రకటించబడ్డాయి. కొత్త శాసనసభకు వృత్తివర్గాల ప్రాతిపదికన ఎన్నికలు, ఎన్నికైన సభ్యులలో హిందువులకు, ముస్లిములకు సమాన సంఖ్య అందులోని ముఖ్యాంశాలు. ప్రభుత్వాన్ని తొలగించే అధికారం సభకు లేదు. యుద్ధం కారణంగా అమలు వాయిదా పడి, 1946లో మాత్రమే సభ ఏర్పడింది. అప్పటికి ప్రజల కోరిక బాధ్యతాయుత ప్రభుత్వం స్థాయికి చేరడంతో స్టేట్ కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరించింది.

మరొక వైపు 1927లో ఏర్పడిన మజ్లిస్ సంస్థ బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో బలపడింది. రాజ్యాధికారం నిజాము సొంతం కాదని, అది ముస్లిం సమాజానిదని, నిజాము దానికి చిహ్నం మాత్రమేనని ఈ సంస్థ సిద్ధాంతీకరించింది. ఇది రాజును సమర్థిస్తూనే రాచరికపు మూలసూత్రాన్ని మార్చివేసింది. మతభేదం లేకుండా ప్రజలందరికీ ప్రభువునన్న అసఫ్ జాహీల పాత వాదన దీనితో దెబ్బతిన్నది. 1944లో బహదూర్ యార్ జంగ్ మరణించాడు. 1946లో కాసిం రజ్వీ నాయకుడయ్యాడు. మజ్లిస్ స్వచ్ఛందదళమైన రజాకార్లు ఈతని నాయకత్వంలో సాయుధ బలగంగా మారారు.

గ్రామాలలో మూడవ శక్తి తలెత్తింది. 1944 భువనగిరి సమావేశం నుండి ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చింది. 1946 జులై 4న కడవెండి గ్రామంలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. అప్పటి నుండి నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం వ్యాపించింది. ఈ పోరాటం 1951 వరకు సాగింది.

స్వతంత్ర రాజ్య ప్రయత్నం

బ్రిటిషు వారు దేశాన్ని విడిచి వెళ్ళేటపుడు సంస్థానాలపై వారి సర్వోన్నతాధికారం అంతరిస్తుందని ప్రకటించారు. దీనిని ఆధారం చేసుకొని, తాను స్వతంత్ర ప్రభువునవుతానని 1947 జూన్‌లో ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశాడు. 1926లో దక్కని సమానత్వం ఇప్పుడు దక్కుతుందని ఆయన ఆశించాడు. కాని రాజ్యం నాలుగువైపులా భారతదేశంతో చుట్టబడి ఉంది. సముద్రతీరం లేదు.

బ్రిటిషు న్యాయవాది వాల్టర్ మాంక్టన్, ఛతారీ నవాబు, అలీ యావర్ జంగ్ మొదలైనవారు భారత ప్రభుత్వంతో సంప్రదింపులు జరిపి యథాతథ ఒప్పందపు ముసాయిదాను తయారుచేశారు. 1947 అక్టోబరు 27న వీరు ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా రజాకార్ల గుంపులు వీరి ఇళ్ళను చుట్టుముట్టాయి. నిజాము ప్రయాణాన్ని ఆపించాడు. మజ్లిస్‌కు అనుకూలురైన వారితో కొత్త ప్రతినిధివర్గాన్ని నియమించాడు. ఛతారీ నవాబు రాజీనామా చేశాడు. దాదాపు అదే ఒప్పందంపై నవంబరు 29న నిజాము సంతకం చేశాడు. కొత్త ప్రధాని మీర్ లాయక్ అలీ.

డిసెంబరు 4న కింగ్ కోఠీ వద్ద నారాయణరావు పవార్ నిజాము కారుపై బాంబు విసిరాడు. నిజాముకు ప్రమాదం జరగలేదు.

ఒప్పందం కాలంలో ఇరుపక్షాల మధ్య వివాదాలు పెరిగాయి. భారతీయ నాణెం చెలామణీపై ఆంక్షలు, పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల రుణం, సిడ్నీ కాటన్ విమానాలలో దొంగచాటుగా ఆయుధాల రవాణా భారత ప్రభుత్వపు ప్రధాన ఆరోపణలు. భారత ప్రభుత్వం సరుకుల రవాణాను అడ్డుకొంటున్నదని హైదరాబాదు ప్రభుత్వం ఆరోపించింది. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ చివరిసారిగా ఒక ఒప్పందాన్ని ప్రతిపాదించగా నిజాము అంగీకరించలేదు. ఆగష్టులో హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది.

ఈలోగా గ్రామాలలో రజాకార్ల దాడులు తీవ్రమయ్యాయి. ఆగష్టు 27న బైరాన్‌పల్లి గ్రామంలో పెద్దసంఖ్యలో గ్రామస్తులు హతులయ్యారు. భారత యూనియన్‌లో చేరాలని వ్రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అదే నెలలో నడివీధిలో హత్యచేశారు. నిజాము వీటిని ఆపలేదు. ఆపగల బలం ఆయనకు మిగిలి ఉన్నదా అన్నదానిపై చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. రజాకార్ల ఒత్తిడికి లోబడ్డాడని కొందరు, తన స్వాతంత్ర్యం కొరకు వారిని వాడుకున్నాడని మరికొందరు భావిస్తారు.

పోలీసు చర్య

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం పలు దిశల నుండి రాజ్యంలోకి ప్రవేశించింది. ఆపరేషన్ పోలో అనే ఈ సైనిక చర్య పోలీసు చర్యగా ప్రసిద్ధమైంది. సెప్టెంబరు 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నిజాము కాల్పుల విరమణ ఆదేశించి రేడియోలో ప్రసంగించాడు. మరునాడు హైదరాబాదు సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌదురికి లొంగిపోయాడు. భద్రతామండలిలోని ఫిర్యాదును ఉపసంహరించుకొంటున్నట్లు నిజాము తెలియజేశాడు.

పోలీసు చర్య సమయంలోను, తరువాతి వారాలలోను జరిగిన హింసాకాండలో ముస్లిములు పెద్దసంఖ్యలో మరణించారు. మరాఠ్వాడా జిల్లాలలో ఇది అధికం. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం మృతుల సంఖ్యను 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసింది. ఈ నివేదిక చాలా దశాబ్దాల పాటు అధికారికంగా వెలువడలేదు. రాజు తీసుకున్న నిర్ణయాలకు మూల్యం చెల్లించినవారు రాజు కాదు. రజాకార్ల చేతిలోను, ఆ తరువాత ప్రతీకారంలోను బలైనది ఉభయ మతాల సామాన్య ప్రజలే.

రాజప్రముఖ్‌గా

పోలీసు చర్య తరువాత ఉస్మాన్ అలీ ఖాన్‌ను పదవీచ్యుతుని చేయలేదు. జనరల్ చౌదురి మిలిటరీ గవర్నరుగా పరిపాలించగా, ఫర్మానాలు నిజాము పేరుతోనే వెలువడ్డాయి. 1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. అదే సంవత్సరం ఆగష్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. రెండు శతాబ్దాలుగా అసఫ్ జాహీ రాజ్యాన్ని నిలబెట్టిన భూస్వామ్య వ్యవస్థ ఈ విధంగా నిజాము పేరుమీదనే రద్దయింది. 1949 నవంబరు 23న వెలువడిన ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగాన్ని హైదరాబాదు రాజ్యాంగంగా అంగీకరించాడు.

1950 జనవరి 26న ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖ్ అయ్యాడు. ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రిగా నియమితుడయ్యాడు. 1952లో వయోజన ఓటింగుతో మొదటి ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఒకనాడు నిషేధించిన స్టేట్ కాంగ్రెసుకు చెందిన నాయకుల చేత రాజప్రముఖ్ హోదాలో ప్రమాణం చేయించవలసి రావడం ఆయన జీవితంలోని పెద్ద మార్పు. మంత్రివర్గపు సలహా ప్రకారం నడుచుకొనడం తప్ప రాజప్రముఖ్‌కు స్వతంత్రాధికారాలు లేవు. ఈ పరిమితులను ఆయన పాటించాడు.

రాష్ట్రాల పునర్విభజన సందర్భంలో 1956 అక్టోబరు 31తో రాజప్రముఖ్ పదవి రద్దయింది. మరునాడు హైదరాబాదు రాష్ట్రం మూడు భాగాలయింది. తెలుగు జిల్లాలు ఆంధ్ర ప్రదేశ్‌లోను, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోను, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రంలోను కలిశాయి.

వ్యక్తిగత జీవితం, సంపద

అమెరికాకు చెందిన టైమ్ పత్రిక 1937 ఫిబ్రవరిలో నిజాము చిత్రాన్ని ముఖపత్రంపై ప్రచురించి, ప్రపంచంలో అత్యంత ధనవంతునిగా పరిచయం చేసింది. ఆయన ఆభరణాలలో 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం ప్రసిద్ధమైనది. దీనిని కాగితాలపై బరువుగా వాడేవాడని చెబుతారు. ఇంత సంపద ఉన్నా మాసిన షేర్వాణీ, పాత టోపీ ధరించి కింగ్ కోఠీలో నిరాడంబరంగా జీవించేవాడు. దర్శనానికి వచ్చినవారి నుండి నజరానాలు స్వీకరించడంపై మాత్రం విమర్శలున్నాయి. రాజు సొత్తుకు, రాజ్యం సొత్తుకు మధ్య స్పష్టమైన గీత లేకపోవడమే ఈ సంపదకు ముఖ్య కారణం.

కుమారులు ఆజం జా, మొజం జాల వివాహాలు 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగాయి. ఆజం జా భార్య దుర్రె షెహవార్ చివరి ఉస్మానీ ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె. మొజం జా భార్య నీలోఫర్ అదే ఉస్మానీ వంశపు రాకుమారి. నీలోఫర్ పేరున హైదరాబాదులో ప్రసూతి ఆసుపత్రి ఉంది.

1965 యుద్ధకాలంలో నిజాము 5,000 కిలోల బంగారాన్ని దేశానికి దానం చేశాడన్న కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. వాస్తవానికి ఆయన 425 కిలోల బంగారాన్ని వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బంగారు పత్రాలలో పెట్టుబడిగా ఉంచాడు.

మరణం, వారసత్వం

ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో మరణించాడు. అంతిమయాత్రకు అసంఖ్యాకంగా ప్రజలు తరలివచ్చారు. కింగ్ కోఠీకి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు. పెద్ద కుమారుని కాదని మనుమడు ముకర్రం జాను వారసునిగా నిర్ణయించాడు. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ద్వారా మాజీ సంస్థానాధీశుల గుర్తింపు, రాజభరణాలు రద్దవడంతో నిజాము బిరుదుకు ఉన్న అధికారిక గుర్తింపు కూడా ముగిసింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించాడు.

నిజాము ఆభరణాలలోని 173 నగలను భారత ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. 1948 సెప్టెంబరులో లండనులోని పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు బదిలీ అయిన సుమారు పది లక్షల పౌనుల సొమ్ముపై వివాదం 71 సంవత్సరాలు నడిచింది. 2019 అక్టోబరులో ఇంగ్లాండు హైకోర్టు, వడ్డీతో మూడున్నర కోట్ల పౌనులకు చేరిన ఆ సొమ్ము భారతదేశానికి, నిజాము వారసులకు చెందుతుందని తీర్పు చెప్పింది. రాజు ఖజానా ఏది, రాజ్యపు ఖజానా ఏది అన్న పాత ప్రశ్నే ఈ వివాదంలోనూ ఎదురైంది.

ఉస్మాన్ అలీ ఖాన్ పాలనపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. జలాశయాలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయం నెలకొల్పిన దూరదృష్టి గల ప్రభువుగా ఒక వర్గం కొనియాడుతుంది. భూస్వాముల దోపిడీని సాగనిచ్చి, ప్రజల హక్కులను అణచివేసి, రజాకార్లను అదుపు చేయని నిరంకుశునిగా మరొక వర్గం విమర్శిస్తుంది. ఈ రెండూ ఒకే పాలనా విధానపు ఫలితాలు. ఒక్క ఫర్మానాతో విశ్వవిద్యాలయాన్ని స్థాపించగల అధికారమే ఒక్క ఫర్మానాతో సభలను నిషేధించగలిగింది. ఆ అధికారాన్ని ప్రశ్నించే సంస్థ రాజ్యంలో లేకపోవడం వలన, 1947లో రాజు నిర్ణయం తప్పినపుడు దానిని సరిదిద్దే మార్గం కూడా ప్రజలకు లేకపోయింది.